దున్నని సగం

నేను ఇల్లరికం వచ్చిన పదేళ్ళలో మామగారు నన్ను ఒక్కసారి కూడా "పొలం దాకా వెళ్ళొద్దాం రా" అని పిలిచి ఎరగరు. నువ్వు ఎప్పుడూ పొలంలోనే ఉంటే ఇంక పిలిచేదేమిటని మీరనవచ్చు. నిజమే. కానీ మా మరదలి మొగుడు పెట్టే బేడా తీసుకుని మా ఇంట్లో దిగిన మర్నాడే ఆయన చేతికర్ర అందుకుని, "ఏమయ్యా, అలా పొలం దాకా వెళ్ళొద్దామా?" అన్నారు. వాడు చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుని బయల్దేరాడు. అప్పుడు నేను ట్రాక్టరు కింద వెల్లకిలా పడుకుని ఆయిలు దించుతున్నాను. వాళ్ళ కాళ్ళు నా తల పక్కనుంచే నడిచి వెళ్ళాయి. ఆ నాలుగు కాళ్ళూ గేటు దాటేదాకా చూస్తూ ఉండిపోయాను. ఈలోగా డబ్బా నిండి, పాత ఆయిలంతా నా చొక్కా మీదకి పొర్లింది.

ఆ వానాకాలం మా ఇంట్లో ఏం జరిగిందో నా వైపునుంచే చెబుతాను. వాడి వైపునుంచి చెప్పడానికి బోలెడు మంది ఉన్నారు, నన్ను ఆ పనికి పెట్టొద్దు.

మామగారికి ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దమ్మాయి నా భార్య. పెళ్ళికి నేను తెచ్చిన ఆస్తి నా ట్రాక్టరు ఒక్కటే. మా పొలమే కాక చుట్టుపక్కల పొలాలన్నీ దాంతోనే దున్నేవాణ్ణి కాబట్టి ఊళ్ళో నా పేరు 'ట్రాక్టరు అల్లుడు'. మరదలి మొగుడు పట్నంలో ఒక మొక్కల నర్సరీలో పనిచేసేవాడు. ఆ స్థలం యజమాని దాన్ని మేడలు కట్టేవాళ్ళకి అమ్మేసుకోవడంతో వీడు పని పోగొట్టుకుని భార్యతో సహా మా గూటికి చేరాడు. కుండీల్లో మొక్కలు పెంచుకునేవాడికి ఎకరాలు ఏం తెలుస్తాయని నేనే వాడికి 'కుండీల అల్లుడు' అని పేరు పెట్టాను. ఆ పేరు విని వాడు పడీ పడీ నవ్వాడు. ఎగతాళి చేస్తే ఉడుక్కునేవాడితో ఎలాగోలా వేగవచ్చు, మనతో కలిసి నవ్వేవాణ్ణి ఏం చేసుకోవాలి?

మామగారి మోకాళ్ళు అప్పటికే మొరాయిస్తున్నాయి. గట్ల మీద తిరగడం తగ్గించమని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఒకరోజు భోజనాల దగ్గర ఆయన కంచం పక్కకి జరిపి, ఈ పంటకి పొలం చెరిసగం చేసుకోమన్నారు. ఎవడి సగం వాడికి నచ్చినట్టు చేసుకోవాలి. ఒకళ్ళ పనిలో ఒకళ్ళు వేలు పెట్టకూడదు.

"కోత అయ్యాక ఎవరికి ఎక్కువ పండితే వాడు ముందు కోరుకుంటాడు. ఏ సగం కావాలంటే ఆ సగం. మిగిలింది రెండోవాడిది. ఆపైన కాగితాలు రాయించేస్తాను, ఇంక నన్నెవరూ కదపొద్దు" అన్నారు.

ఆ పొలంలో బావీ, మోటారూ, నా ట్రాక్టరు షెడ్డూ ఒక వైపున ఉన్నాయి. రెండో సగం రోడ్డును ఆనుకుని కాస్త పల్లంలో ఉంటుంది. షెడ్డు నాది కాబట్టి ఆ పంటకి బావి వైపు నాకొచ్చింది, రోడ్డు వైపు వాడికి పోయింది. గెలిచినవాడు బావినే కోరుకుంటాడని వేరే చెప్పక్కర్లేదు. అంటే ఓడితే పదేళ్ళు నేను కాపాడుకొచ్చిన బావీ షెడ్డూ వాడి చేతిలో పెట్టి, నీళ్ళకోసం వాడి గుమ్మం దగ్గర నిలబడాలి. అంతకంటే కష్టం ఇంకొకటుంది. మామగారు ఎవరి పనిని చూసి తృప్తిగా తల ఊపుతారన్నది ఆ కోతతో తేలిపోతుంది. పదేళ్ళుగా ఆయన నా పని చూసి "బాగానే ఉంది" అంటూ వచ్చారు. నాకు ఆ 'నే' అక్కర్లేదు. నాకు కావలసింది "బాగుంది".

వానలకి ముందే దుక్కిలోకి దిగాను. మొదట నిలువుగా దున్ని, తర్వాత అడ్డంగా దున్ని, ఆపైన రోటవేటర్ తిప్పి మట్టిని పిండి చేశాను. నా వెనకాల నేల నల్లగా విచ్చుకుంటూ ఉంటే పక్షులు గుంపులుగా దిగి పురుగులు ఏరుకుంటున్నాయి. దారిన పోయేవాళ్ళు బళ్ళు ఆపి మరీ చూశారు. ఎరువుల కొట్టాయన స్వయంగా వచ్చి, ఇలాంటి దుక్కికి రెండు బస్తాలు ఎక్కువే వెయ్యాలి, తగ్గితే పొలానికే అవమానం అన్నాడు. వేశాను. మామగారు గట్టు మీద కర్ర ఆనించుకుని చూసి, "బాగానే ఉంది" అన్నారు.

అవతల కుండీల అల్లుడు దుక్కే దున్నలేదు. కిందటి పంట మొక్కజొన్న చొప్పను నరికి నేలమీద అలాగే పరిచేశాడు. వాన పడగానే భార్యాభర్తలిద్దరూ మొనదేలిన కర్రలతో ఆ చొప్పని పక్కకి తప్పించి, గుంట పెట్టి, రెండు మొక్కజొన్న గింజలు వేసి, పిడికెడు మాగిన పశువుల ఎరువు వేసి, కాలితో తొక్కుకుంటూ పోయారు. సాళ్ళ మధ్య అలసందలు వేశారు. నా పొలం ఇస్త్రీ చేసిన పంచెలా ఉంటే వాడిది పెళ్ళయిన మర్నాటి పందిరిలా ఉంది.

"పరుపు బాగా పరిచావోయ్, దిండు ఎప్పుడు వేస్తావు?" అని అడిగాను.

"మీరొచ్చి పడుకుంటానంటే ఇప్పుడే వేస్తాను అన్నయ్యా" అన్నాడు వాడు నడుం పట్టుకుని లేస్తూ.

గట్టు మీద మామగారు నవ్వారు. వాడి మాటకి నవ్వారు, నా మాటకి కాదు.

మొలకలొచ్చి మోకాలెత్తు అయ్యేసరికి దేవుడు నా వైపే ఉన్నాడని తేలిపోయింది. నా సగం ముదురాకుపచ్చగా, ఏ సాలు చూసినా కొలబద్ద పెట్టినట్టు లేచింది. వాడి సగానికి కామెర్లు వచ్చాయి. ఆకులు పసుపెక్కి, ఎక్కడికక్కడ కుంటి మొక్కలు, మధ్యలో ఎలకలు తిన్న ఖాళీలు. ఆ వారమంతా నేను ఎంత సంతోషంగా ఉన్నానంటే, రెండోసారి వడ్డించమంటే నా భార్య నా ముఖం వైపు చూసి, "చెల్లెలి పొలం ఎండుతుంటే మీకు ఆకలి పెరుగుతోందే" అంది. పెరిగిన మాట నిజమే కాబట్టి కాదనలేదు.

ఒక పొద్దున వాడు సంచీలో యూరియా పట్టుకుని మొక్క మొక్కకీ చెంచాడు చొప్పున వేస్తూ కనిపించాడు. నేను వదులుతానా? గట్టు దాటి వెళ్ళి, దొడ్డిదారిన ఇదేమిటని అడిగాను. దాచుకుంటాడనుకున్నాను. వాడు సంచీ తెరిచి చూపించి, చొప్ప కుళ్ళేటప్పుడు నేలలో ఉన్న బలం అదే లాగేసుకుంటుంది, మొక్క నోటిదాకా రానివ్వదు, మొదటి ఏడు ఇలా కొంచెం పెట్టక తప్పదు అన్నాడు. మరి పశువుల ఎరువు పని చెయ్యలేదన్నమాటేగా అన్నాను. చేస్తుంది, కానీ దానికి తొందర లేదు అన్నాడు. ఏ మాటకీ దొరకడు. తప్పు ఒప్పుకునేవాడితో పోట్లాడటం కంటే తలనొప్పి ఇంకోటి లేదు.

ఇంతకీ పంట అలా ఏడుస్తున్నా మామగారు పొద్దున్నే పోయి కూర్చునేది మాత్రం వాడి గట్టు మీదే. అక్కణ్ణుంచి కబుర్లు వినిపించేవి, మధ్య మధ్య ఆయన నవ్వు. ఒకరోజు వాడే నాతో చెప్పాడు, మామగారు పడుచుతనంలో ఇంట్లో చెప్పకుండా పారిపోయి ఏడాది పాటు ఓడరేవులో మూటలు మోశారట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పదేళ్ళు ఒకే కప్పు కింద బతికాను, నాకీ సంగతి తెలీదు. సరాసరి ఇంటికెళ్ళి నా భార్యని నిలదీశాను.

"నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు" అంది తను బట్టలు ఆరేస్తూ.

"మరి నాకెందుకు చెప్పలేదు ఆయన?"

"ఎప్పుడు చెప్తారు? మీరు ట్రాక్టరు దిగితే కదా. ఆ చప్పుడులో ఎవరు ఎవరితో మాట్లాడతారు?"

నేను ఓ తడిబట్ట తీసి తాడు మీద వేశాను. అది తలకిందులుగా వేశానని తను మళ్ళీ తీసి వేసింది.

తర్వాత పెద్ద వాన కురిసింది. మధ్యాహ్నం మొదలై సాయంత్రం దాకా ఆగలేదు. అందరం షెడ్డులో నిలబడ్డాం. ముందురోజే నేను రెండో విడత యూరియా చల్లి ఉన్నాను. వాన వెలిశాక మోకాళ్ళదాకా పంచె ఎగ్గట్టి రోడ్డు పక్క కాలవ దగ్గరికి పోయాను. పొలం మొత్తానికి మురుగు దిగేది ఆ కాలవలోకే. నా సగం నుంచి వచ్చే పాయ చిక్కటి టీ రంగులో, నురగలు కక్కుతూ వస్తోంది. వాడి సగం నుంచి వచ్చేది సన్నటి ధార, అడుగున గులకరాళ్ళు కూడా కనిపిస్తున్నాయి. మిగతా నీరంతా ఏమైందో, ఆ చొప్ప కిందికే పోయిందో ఏమో.

వెనకనుంచి మరదలు వచ్చి తొంగి చూసింది. దానికి నోరు ఊరుకోదు.

"బావా, నీ పొలం షికారుకి బయల్దేరినట్టుందే. తిరిగి ఎప్పుడొస్తానంది?"

నేను నవ్వాను. నవ్వకపోతే ఏడ్చానని అందరికీ చెబుతుంది. మర్నాడు ఎండ కాసేసరికి నా సగం పైన పెచ్చు కట్టింది. పిండిలా చేసిన మట్టి వాన దెబ్బకి మెత్తుకుపోయి, ఎండకి ఆరి, పెంకులా అయింది. మనుషుల్ని పెట్టి పైపైన గీరించి, కొట్టుకుపోయిన యూరియా మళ్ళీ తెచ్చి చల్లాను. ఎరువుల కొట్టాయన నన్ను చూసి కుర్చీ వేయించాడు.

ఆ వాన పోయాక ఇంక వానలు ముఖం చాటేశాయి. మొక్కజొన్న పొత్తు వేసే సమయమది. పొద్దెక్కకముందే నా మొక్కల ఆకులు గొట్టాల్లా చుట్టుకుపోయేవి. మోటారు ఆపితే చాలు నేల నోరు తెరిచేది. గట్టు అవతల మాత్రం ఆకులు మిట్టమధ్యాహ్నం దాకా విప్పుకునే ఉండేవి. కామెర్లు ఎప్పుడు పోయాయో నేను గమనించనే లేదు. మోటారు నీళ్ళు వంతుల ప్రకారం పెట్టుకునేవాళ్ళం. ఒకరోజు వాడి వంతు వస్తే వాడు వచ్చి, "ఈసారి మీరే పెట్టుకోండి అన్నయ్యా, నాకింకా తడి ఉంది" అన్నాడు.

తిట్టినా పడేవాణ్ణి. ఆ మాట మాత్రం ముల్లులా దిగబడిపోయింది. నీళ్ళు పెట్టుకున్నాను, పెట్టుకోక ఏం చేస్తాను. ఆ నీళ్ళు సాళ్ళలో పారుతున్నంతసేపూ వాడి పొలం వైపు చూస్తూ నిలబడ్డాను. ఒకప్పుడు నాకు వాడి నవ్వు మీద కుళ్ళు, మామగారి కబుర్ల మీద కుళ్ళు. ఆ రోజునుంచి వాడి కాళ్ళ కింది మట్టి మీద కూడా మొదలైంది.

ఆ సాయంత్రం వాడూ మరదలూ పట్నం వెళ్ళారు. నేను గునపం తీసుకుని ముందు నా సగంలోనే ఒకచోట గుచ్చాను. జానెడు లోతు సుళువుగా దిగి, ఠంగుమని ఆగింది. ఇంకోచోట గుచ్చాను, అక్కడా అంతే. ఒక మొక్కని చుట్టూ తవ్వి వేళ్ళతో సహా ఎత్తి చూశాను. వేళ్ళు జానెడు దిగి, అక్కణ్ణుంచి గోడ తగిలినట్టు పక్కకి తిరిగాయి. పదేళ్ళు ఏడాదికి ఇన్నిసార్లని అదే ట్రాక్టరు, అదే నాగలి, అదే లోతు. నాగలి అడుగు రాసుకుని రాసుకుని, పైన చక్రాల బరువుకి అణిగి అణిగి, ఆ లోతులో నేల గచ్చు చేసినట్టు గట్టిపడిపోయింది. పైన నేను చేసేదంతా ఆ గచ్చు మీద పోసిన పిండి.

వాడి సగం కూడా ఇన్నాళ్ళూ నేనే దున్నాను కాబట్టి అక్కడా అదే ఉండాలి. ఉంటే బాగుండునని గట్టు దాటాను. చొప్ప పక్కకి తీసి గుచ్చాను. ఉంది, జానెడు లోతులో అక్కడా ఠంగుమంది. నా మనసు కుదుటపడింది. ఇక లేచిపోదామనుకుంటూ చేతికి తగిలిన పైమట్టిని పిడికిట్లోకి తీసుకున్నాను. మాగిందల్లా పైన రెండు వేళ్ళ మందమే. కానీ ఆ మట్టి పిండిలా రాలలేదు, ముద్దగానూ కాలేదు. వేళ్ళతో నలిపితే చిన్న చిన్న గింజల్లా విడిపోయింది. లోపల చల్లగా ఉంది. వానపాము ఒకటి మెలికలు తిరిగి నా బొటనవేలి కిందనుంచి జారుకుంది. అది వెళ్ళిన బొరియ వెంబడే తవ్వితే, ఆ గట్టి పొరలో సన్నటి సందు చేసుకుని ఒక మొక్కజొన్న వేరు కిందికి దిగి ఉంది. ఒక్కటే వేరు. దాన్ని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలీదు.

నా భార్య అలసంద కాయలు కోసుకోవడానికి వచ్చి నన్ను అక్కడ చూసింది.

"ఏం పారేసుకున్నారు అక్కడ?"

"ఏం లేదు."

"దొరికితే చెప్పండి" అని బుట్ట నిండేదాకా కోసుకుని వెళ్ళిపోయింది.

కోతలయ్యాయి. గింజలు ఒలిపించి, ఆరబెట్టి, బస్తాలకెత్తి వరండాలో రెండు వరసలుగా పేర్చాం. నా వరస ఎత్తుగా ఉంది. కాస్తో కూస్తో కాదు, చూడగానే తెలిసేంత ఎత్తు. ఎడాపెడా పెట్టిన నీళ్ళూ, మూడు విడతల యూరియా ఊరికే పోతాయా. వాడు తన వరస ఓసారి, నా వరస ఓసారి చూసుకుని, నా దగ్గరకొచ్చి, "మీదే అన్నయ్యా" అన్నాడు. ముఖంలో ఏ మూలా కుళ్ళు లేదు. అందుకు కూడా నాకు కుళ్ళుగానే ఉంది.

సాయంత్రం అందరం వరండాలో కూర్చున్నాం. పెద్దమనిషిగా ఎరువుల కొట్టాయన్ని పిలిచారు. ఆయన నా పక్కన కుర్చీ వేసుకుని, తనే గెలిచినట్టు మీసం దువ్వుకుంటున్నాడు.

"పెద్దల్లుడే ఎక్కువ పండించాడు. మాట ప్రకారం ముందు తనే కోరుకోవాలి" అన్నారు మామగారు. "బావి వైపేగా?"

"అడగాలా అండీ" అన్నాడు కొట్టాయన.

"రోడ్డు వైపు" అన్నాను నేను.

లోపల్నుంచి మరదలు, "అది మాది బావా" అంది, అని వెంటనే నాలుక కరుచుకుంది. కొట్టాయన కళ్ళు పెద్దవి చేసుకుని నన్ను చూశాడు. గెలిచి కూడా బావీ మోటారూ తమ్ముడికి వదిలేశావంటే నువ్వు మనిషివి కాదయ్యా, దేవుడివి అని నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. తెల్లారేసరికి ఊరంతా అదే మాట. ట్రాక్టరు అల్లుడి మనసు వెన్న, ఓడినవాడికి బావి రాసిచ్చాడు, ఈ రోజుల్లో ఎవరు చేస్తారని నన్ను నెత్తికెత్తుకున్నారు.

ఆ వరండాలో అసలు సంగతి వెంటనే అర్థమైంది ఇద్దరికే. నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కుండీల అల్లుడు మాత్రం నేను వాడింట్లో కన్నం వేసి దొరికిపోయినట్టు చూశాడు. ఆ వానాకాలం మొత్తంలో వాడి ముఖంలో నవ్వు లేకుండా చూడటం నాకదే మొదలు. ఎన్నాళ్ళనుంచో ఆ ముఖం చూడాలని ఉండేది. తీరా చూశాక తల దించుకున్నాను.

కొట్టాయన వెళ్ళేదాకా మామగారు ఆగారు.

"ఇప్పుడు చెప్పు. అదెందుకు అడిగావు?"

"కుళ్ళు, మామయ్యా."

"ఏమన్నావు?"

"కుళ్ళు. పదేళ్ళు నా చేతిలో ఉన్న నేల నా మాట వినలేదు. ఒక్క పంటకి వాడి చేతిలో మారడం మొదలెట్టింది. అదీ రెండు వేళ్ళ మందమే, నాకు తెలుసు. ఇంకో నాలుగేళ్ళకి ఎలా ఉంటుందో కూడా తెలుసు. అప్పుడు గట్టుకి ఇవతల నిలబడి చూడటం నావల్ల కాదు."

మామగారి భుజాలు కదిలాయి. నవ్వుతున్నారని ముందు నాకు అర్థం కాలేదు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది, నా భార్య మంచినీళ్ళు తెచ్చింది. ఆయన గ్లాసు కింద పెట్టి, ఓడరేవులో తనతో పాటు మూటలు మోసి, పోయి సొంత సేద్యం పెట్టుకున్నవాడి మీద ఇలాంటి కుళ్ళుతోనే తను ఇంటికి తిరిగొచ్చి సేద్యంలో పడ్డానని, ఆ కథంతా మొదట్నుంచీ నాతో చెప్పారు. నాకు. ఆయన నాతో అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి.

"సరే, నేల ఇచ్చేస్తాను. తీసుకుని ఏం చేస్తావు?" అన్నారు చివరికి.

"దున్నను."

"దున్నకుండా ఏం చెయ్యాలో తెలుసా?"

"తెలీదు."

ఇంక వాడి వైపు తిరగక తప్పలేదు. అప్పటిదాకా వాణ్ణి 'ఏమోయ్' అనేవాణ్ణి, లేదా అసలు పిలిచేవాణ్ణి కాదు.

"నేర్పుతావా తమ్ముడూ?"

"నేర్పొద్దు" అంది మరదలు గుమ్మంలోంచి.

వాడు భార్య వైపు చూసి, నేల చూపులు చూసి, నెమ్మదిగా అన్నాడు. మాటంటే మాటే, బావి వైపు తీసుకుంటాను. కానీ అక్కడ కింద బండ కట్టింది, పైన ఎంత పరిచినా ఏళ్ళు పడుతుంది. ఒక్కసారి లోతుగా చీల్చితే గానీ లాభం లేదు. దానికి ట్రాక్టరు కావాలి.

"దానికేం, నేను చేసిపెడతాను" అన్నాను.

"వద్దన్నయ్యా. మీరెక్కితే ఒక్కసారితో ఆపరు. నేను తోలుకుంటాను. తాళం ఇవ్వండి, తర్వాత మీకు నేర్పుతాను."

ఆ ట్రాక్టరుని నేను తప్ప ఇంకొకడు తోలలేదు. నా భార్య ఒకసారి దాని మీద బట్టలు ఆరేస్తేనే రెండు రోజులు మాట్లాడలేదు నేను. అందరూ నా వైపే చూస్తున్నారు. లేచి, జేబులోంచి తాళం తీసి వాడి చేతిలో పెట్టి, క్లచ్ కొంచెం బిగువు, మెల్లగా వదలమని చెప్పాను.

వాడు ఒకే ఒక్క పొడుగాటి ఇనప పలుగున్న పనిముట్టు అద్దెకి తెచ్చాడు. ఆ పొద్దున నేను రోడ్డు వైపు సగంలో, చీలమండల దాకా చొప్పలో నిలబడి ఉన్నాను, చేతిలో అలసంద గింజల సంచీతో. గట్టు అవతల నా పాత నేల మీద నా ట్రాక్టరు వంకరటింకరగా పోతోంది. గేరు మార్చినప్పుడల్లా అది చేసే చప్పుడు నేను పళ్ళు కొరికినట్టే ఉంది. పలుగు వెనకాల పెళ్ళలు పైకి లేస్తున్నాయి. అడుగు వైపు నున్నగా, మెరుస్తూ ఉన్నాయి ఒక్కొక్కటీ. అంత నునుపు చెయ్యడానికి నాకు పదేళ్ళు పట్టింది. మామగారు కర్ర పట్టుకుని ట్రాక్టరు పక్కనే నడుస్తూ, ఏదో అరుస్తున్నారు వాడికి వినపడదని తెలిసి కూడా. సగం మార్చుకున్నా, ఆయన అటువైపే ఉన్నారు.

"చూసింది చాలు" అంది నా భార్య. "గుంటలు పెట్టండి."

మోకాళ్ళ మీద కూర్చుని చొప్ప తప్పించి కర్రతో గుంట పెట్టాను. ఇంకోటి పెట్టాను. అలా సగం సాలు పెట్టేసరికి ట్రాక్టరు చప్పుడు ఆగిపోయింది. వాడు దిగి గట్టు దాటి వచ్చి, నా గుంటలో వేలు పెట్టి చూశాడు.

"లోతెక్కువైంది అన్నయ్యా. వేల్లో ఒక్క కణుపు లోతు చాలు."

వాడు చూపించినంత లోతుకి మట్టి నింపి, మొదట్నుంచీ మళ్ళీ పెట్టుకుంటూ వచ్చాను.